ఆస్క్, డిమాండ్, ప్రే: అడుగుటకు ఎన్ని మాటలు?



కృష్ణగిరి జిల్లాలోని మా బడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతారు. ఇంగ్లీషు వారికి బడిలోనే ఎదురవుతుంది. కొన్నేళ్ల క్రిందట ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె సెలవు చీటీ వ్రాసినది. అందులో "ఐ డిమాండ్ టూ డేస్ లీవ్" అని ఉన్నది. అది చదివి కోపగించినవారు ఉన్నారు. ఆమె చేతిలోని చిన్న నిఘంటువులో డిమాండ్ అనగా "అడుగుట" అని మాత్రమే ఉన్నది. పిల్ల మర్యాదగానే అడిగినది. మాటే మర్యాద తప్పినది.

ఆ మాట ఎందుకు అలా మారినదో తెలియాలంటే మీరు నాతో కొంచెం వెనుకకు రావలెను. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తరువాత సుమారు మూడు వందల ఏళ్లు కొలువులోను, న్యాయస్థానంలోను ఫ్రెంచి చెల్లినది. పొలంలో, వంటింట్లో ఇంగ్లీషు మిగిలినది. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేయవలసి వచ్చినదంటే చూడండి. ఫ్రెంచిలో దెమాందే అంటే ఊరికే అడుగుట; నేటికీ అంతే. అయితే ఇంగ్లీషువారికి ఆ మాట ఎక్కువగా కోర్టు వ్యవహారంలో వినపడినది. అక్కడ అడిగేవాడు "ఇది నా హక్కు" అని అడుగుతాడు. కాబట్టి వారి భాషలో అది గట్టిగా కోరుట అయినది.

ఇది మనకు వింత కాదు. అరబ్బీ నుండి వచ్చిన సవాలు అనే మాటకు మూలార్థం ప్రశ్న. హిందీలో నేటికీ సవాల్ అంటే ప్రశ్నయే. మన తెలుగులోకి వచ్చేసరికి అది తొడగొట్టి పిలుచుట అయినది. డిమాండ్ కథను పిల్లలకు చెప్పేటప్పుడు నేను ముందు సవాలు గురించి చెప్పుతాను. వెంటనే పట్టుకొంటారు.

ఇక ఆస్క్ అన్నది ఇంగ్లీషువారి సొంత మాట. క్వశ్చన్ ఫ్రెంచి ద్వారా వచ్చినది; ఇంటరాగేట్ నేరుగా లాటిను నుండి వచ్చినది. ఇంట్లో ఆస్క్, సభలో క్వశ్చన్, ఠాణాలో ఇంటరాగేట్. మనకూ ఇదే అమరిక కలదు: అడుగుట మనది, ప్రశ్నించుట సంస్కృతం నుండి వచ్చినది, దర్యాప్తు పారశీకం నుండి వచ్చినది. ఏ భాషకైనా పాలకులు మారినప్పుడల్లా పర్యాయపదాలు పెరుగుతాయి కాబోలు.

ఆస్క్‌ను "ఆక్స్" అని పలికే పిల్లవాడిని చూసి నవ్వకండి. పాత ఇంగ్లీషులో ఆ రెండు రూపాలూ ఉండేవి. పధ్నాలుగవ శతాబ్దపు మహాకవి చాసర్ రెండూ వ్రాశాడు. 1535 నాటి కవర్‌డేల్ బైబిలు అనువాదంలో ఆక్స్ రూపమే కనిపిస్తుంది. లండను ప్రమాణభాషలో ఆస్క్ స్థిరపడిన తరువాతనే రెండవది మోటు అనిపించుకొన్నది. వర్ణాలు తారుమారగుట మన వ్యాకరణానికీ తెలిసిన సంగతే. తమిళంలో ఇరండు, మనకు రెండు. వారికి ఉరల్, మనకు రోలు. వారికి మరం, మనకు మ్రాను. ఇక్కడి పిల్లలకు రెండు భాషలూ నోటనే ఉన్నవి, వేరే ఉదాహరణ వెదుకనక్కరలేదు.

మరొక చిత్రం. సంస్కృతానికి, లాటిను గ్రీకు భాషలకు మూలం ఒకటే కావచ్చునని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ప్రసంగించాడు. ఇంగ్లీషూ ఆ కుటుంబంలోనిదే. ఆస్క్‌కు, సంస్కృతంలోని ఇచ్ఛతికి ధాతువు ఒకటే. వెదకుట, కోరుట దాని అర్థం. ప్రే అనే క్రియ కూడా ఒకప్పుడు మనుషులను బతిమాలి అడుగుటకు వాడినదే. దానికి చుట్టం మన "ప్రశ్న". ప్రార్థనకు, ప్రేకు చుట్టరికం అంటగట్టకండి, ఆ పోలిక కాకతాళీయం. మన "అడుగు" మాత్రం ఈ వంశంలోనిది కాదు. తెలుగు దక్షిణాది భాషల కుటుంబానికి చెందినదని 1816లో ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో చూపించాడు.

2006లో వచ్చిన చట్టం తమిళనాట తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసినది. అప్పటి నుండి తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఒకటే: "తమిళం ఎలాగూ చదవాల, ఇంగ్లీషు కావాల, ఇంక తెలుగు ఎందుకండీ సార్?" నేను వాదించను, పిల్లల నోటుపుస్తకం తెరచి చూపుతాను. తమిళంలో కేళ్ అంటే వినుట, అడుగుట రెండూను. కన్నడంలో కేళు కూడా అంతే. తమిళంలో ఆలోచించి ఇంగ్లీషు వ్రాసే పిల్లవాడు "ఐ హర్డ్ ద టీచర్ ఎ డౌట్" అని వ్రాస్తాడు. "ఎన్నిడం కేట్టాన్" అనే అలవాటు వల్ల "హీ ఆస్క్‌డ్ టు మీ" అని కూడా వ్రాస్తాడు. అది తమిళంలో లోపం కాదు, ఆ భాష తీరు. తెలుగులో వినుట వేరు, అడుగుట వేరు. "నన్ను అడిగాడు" అంటాము, "నాకు అడిగాడు" అనము. "ఇంట్లో మీ అమ్మతో ఏమంటావో అదే వ్రాయి" అని చెప్పితే చాలు, ఆ "టు" దానంతట అదే పోతుంది. ఇంట్లో తెలుగు మానివేసిన పిల్లలకు ఈ ఉపాయం పనిచేయదు.

సెలవు చీటీ అమ్మాయికి నేను "రిక్వెస్ట్" అని దిద్ది ఇచ్చాను. ఆమె కాసేపు చూసి, "మరి ఆస్క్ అంటే తప్పా సార్?" అని అడిగినది. తప్పు లేదమ్మా, ఆఫీసుకు కొంచెం చనువు ఎక్కువ, అన్నాను. రెండు రోజుల సెలవు దొరికినది.