ఏపీ, తెలంగాణ ఆర్టీసీల కిలోమీటర్ల పంచాయితీ

2015లో ఆర్టీసీ రెండుగా విడిపోయింది గానీ, రాష్ట్రం దాటే బస్సులపై ఒప్పందం మాత్రం రాసుకోలేదు. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఆగిన బస్సులు మళ్లీ కదలాలంటే ముందు లెక్క తేల్చాలని తెలంగాణ పట్టుబట్టింది. ఏపీ బస్సులు తెలంగాణలో ఎక్కువ కిలోమీటర్లు తిరుగుతున్నాయి, ఆదాయమంతా అటే పోతోందన్నది వాదన. న్యాయమైనదే. కానీ తేలేసరికి ఏడు నెలలు దాటింది. ఆగస్టు 1న బక్రీద్‌కి సరిహద్దు దాటి సొంతూరెళ్దామంటే ఆర్టీసీ బస్సే లేదు.

నవంబర్ 2న సంతకాలయ్యాయి. తెలంగాణలో ఏపీ బస్సులు 638, రోజుకు 1,60,999 కిలోమీటర్లు. ఏపీలో తెలంగాణ బస్సులు 826, 1,61,258 కిలోమీటర్లు. ఇందుకోసం ఏపీ లక్షకు పైగా కిలోమీటర్లు వదులుకుంది.

ప్రైవేటు ట్రావెల్స్ మాత్రం ఈ లెక్కలో లేవు. వాళ్లది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. దారిపొడవునా టికెట్లు కొట్టి ఎక్కించుకోవడానికి ఇచ్చింది కాదు. అయినా ఎక్కిస్తారు, పండగొస్తే ఛార్జీ వాళ్లిష్టం.