బేస్ ఎవరు వాయిస్తారు?

చిన్న బ్యాండు ఏది మొదలుపెట్టినా ముందు వచ్చే పేచీ ఇదే: బేస్ ఎవరు వాయిస్తారు? గిటార్ అంటే అందరూ ముందుకొస్తారు, బేస్ అంటే పక్కవాడి మొహం చూస్తారు. బీటిల్స్ దగ్గరా ఇదే జరిగిందండి.

1960లో లివర్‌పూల్‌లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ అనే చిత్రకారుడు, తన పెయింటింగ్ అమ్మిన డబ్బుతో బేస్ గిటార్ కొని బ్యాండులో చేరాడు. వాయించడం పెద్దగా రాదు. జాన్ లెనన్‌కి స్నేహితుడు, అంతే. ఆ ఆగస్టులో అందరూ జర్మనీలోని హాంబర్గ్ వెళ్లారు. అక్కడి క్లబ్బుల్లో రాత్రంతా గంటల తరబడి వాయించాలి. పడకేమో ఒక సినిమా హాలు వెనకాల ఇరుకు గదుల్లో.

1961లో సట్‌క్లిఫ్ మళ్లీ బొమ్మల వైపు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు, బేస్ పాల్ మెకార్ట్నీ మెడకి చుట్టుకుంది. ఫెండర్ బేస్ కొనే స్తోమత లేదు. సుమారు 30 పౌండ్లకి వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్‌నర్ దొరికింది. రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి, ఎడమచేతి వాటం మనిషి పట్టుకున్నా ఎబ్బెట్టుగా అనిపించదు.

ఆ హాఫ్‌నర్‌ని 1972లో లండన్‌లో ఆపి ఉంచిన వ్యాన్‌లోంచి ఎత్తుకెళ్లారు. యాభై ఏళ్లు దాటాక దొరికింది, ఆ సంగతి 2024లో ప్రకటించారు.

ఇష్టపడి ఎంచుకున్నది కాదు, ఎవరో ఒకరు వాయించక తప్పదని పట్టుకున్నది. కానీ ఈసారి బీటిల్స్ పాట వింటున్నప్పుడు కింద నడిచే బేస్ మీదే చెవి పెట్టండి. పాటని మోస్తున్నది ఎవరో తెలుస్తుంది. ఉంటానండి.