ఎండ, వాన, తుపాను: తీవ్రత ఎందుకు పెరుగుతోంది, ఎవరి మీద పడుతోంది

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం మీద పడింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, నగరంలో చెట్టన్నది మిగలలేదు. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు పదుల సంఖ్య దాటలేదు. ఏడు నెలల తర్వాత, 2015 మేలో, గాలి లేదు, వాన లేదు, కెమెరాలకు చూపించడానికి కూలిన గోడ కూడా లేదు. ఆ వేసవి వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే. ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు.

వాతావరణ మార్పు గురించి మన సభల్లో, కరపత్రాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, ఇది చదువుకున్న పట్టణవాసుల ముచ్చట, మన అజెండా భూమి, ఆత్మగౌరవం అనే మాట. రెండోది, ఏ విపత్తు వచ్చినా 'అంతా వాతావరణ మార్పు వల్లే' అని తేల్చేసే మాట. రెండూ మనకు నష్టం చేసేవే అని మా అభిప్రాయం. ఎండ, వాన, తుపానుల తీవ్రత ఏ లెక్కన పెరుగుతోంది, అది భౌతికశాస్త్రంలో ఎంత, కులవ్యవస్థలో ఎంత అన్నది విడదీసి చూడటానికి ఈ వ్యాసం. కార్యకర్తలకూ విద్యార్థులకూ చేతిలో పెట్టుకుని వాడుకోవడానికి పనికొచ్చేలా రాయాలన్నది మా ప్రయత్నం.

సగటు కొంచెం, అంచు చాలా

బొగ్గు, చమురు, గ్యాసు కాల్చడం వల్ల గాలిలో చేరిన వాయువులు భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతున్నాయి. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దానికి భూమి సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కింది. 2024 ఒక్క సంవత్సరాన్నే తీసుకుంటే అది 1.5 డిగ్రీలు దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. 'ఒకటిన్నర డిగ్రీకే ఇంత గోలా' అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు సగటులో లేదు, అంచులో ఉంది.

ఒక ఊళ్లో మే నెల రోజులన్నిటినీ ఉష్ణోగ్రత వరుసలో పేర్చామనుకుందాం. మధ్యలో మామూలు రోజులు గుట్టగా ఉంటాయి, ఒక చివర అరుదైన మండే రోజులు నాలుగైదు ఉంటాయి. మొత్తం గుట్టను ఒక్క డిగ్రీ పక్కకు జరిపితే మధ్యలో పెద్ద తేడా కనిపించదు. చివర్లో మాత్రం అరుదైనవి రెట్టింపు, మూడింతలు అవుతాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో ఇదే లెక్క కట్టింది. పూర్వం పదేళ్లకు ఒకసారి వచ్చే తీవ్రమైన ఎండ, ఒక డిగ్రీ పెరిగిన లోకంలో పదేళ్లకు 2.8 సార్లు వస్తుంది. ఒకటిన్నర డిగ్రీల దగ్గర 4.1 సార్లు, రెండు డిగ్రీల దగ్గర 5.6 సార్లు. యాభై ఏళ్లకు ఒకసారి వచ్చే ఎండ అయితే ఇప్పటికే దాదాపు అయిదు రెట్లు. ఎంత అరుదైన ఎండ అయితే అంత ఎక్కువగా పెరుగుతుందన్నమాట.

ఫలానా వడగాలికి వాతావరణ మార్పు కారణమా అని అడిగినప్పుడు శాస్త్రవేత్తలు చేసేది కూడా ఇలాంటి పోలికే. ఇప్పటి లోకాన్నీ, ఈ వాయువులు చేరని ఊహా లోకాన్నీ కంప్యూటర్ నమూనాల్లో పక్కపక్కన నడిపించి, ఆ స్థాయి ఎండ ఏ లోకంలో ఎన్నిసార్లు వస్తుందో లెక్కిస్తారు. 2022 మార్చి, ఏప్రిల్‌లలో భారత్, పాకిస్తాన్‌లను కాల్చిన ఎండ ఈ మార్పు వల్ల దాదాపు 30 రెట్లు ఎక్కువ సంభావ్యమైందని 'వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్' బృందం చెప్పింది. కాబట్టి 'వాతావరణ మార్పే తెచ్చింది' అనేకంటే 'ఇంత తీవ్రంగా, ఇంత తరచుగా రావడానికి కారణమైంది' అనడం సరైన మాట. కోర్టులో, ధర్నా చౌక్‌లో, ఎక్కడైనా నిలబడే మాట కూడా అదే.

నీడలో కొలిచే ఎండ

ఎండ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. తుపానుకు దొరికినంత చోటు దీనికి పత్రికల్లోనూ దొరకదు, చట్టాల్లోనూ దొరకదు.

రేడియోలో, టీవీలో చెప్పే ఉష్ణోగ్రతను నీడలో కొలుస్తారు. తెల్లరంగు వేసి, గాలాడేలా చీలికలు పెట్టిన చెక్కపెట్టెలో ఉష్ణమాపకం ఉంటుంది. మిరప కోసే మనిషి ఆ పెట్టెలో లేడు. ఇటుక బట్టీ దగ్గర, రోడ్డు మీద తారు పోసేచోట, చెరువు పూడిక తీసేచోట శరీరం మీద పడే వేడి ఆ అంకె కంటే చాలా ఎక్కువ. పైగా శరీరం చల్లబడేది చెమట ఆరితేనే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకే కోస్తాలో 38 డిగ్రీల ఉక్కపోత, రాయలసీమలో 42 డిగ్రీల పొడి ఎండ కంటే ప్రమాదకరం కావచ్చు. వేడెక్కిన గాలి మరింత తేమను మోస్తుంది కనుక ఈ ఉక్క కూడా పెరిగేదే.

ఇక 'వడగాలి' అనే అధికారిక నిర్వచనం చూడండి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితేనో, లేదా నేరుగా 45 దాటితేనో భారత వాతావరణ శాఖ వడగాలి అంటుంది. మే నెల సాధారణమే 42 డిగ్రీలు ఉన్న చోట 44 వస్తే లెక్క ప్రకారం వడగాలి కాదు. శరీరానికి ఆ లెక్క తెలియదు. రాత్రి సంగతి ఈ లెక్కలోకి అసలు రానే రాదు. పగలంతా కాగిన రేకుల కప్పు కింద, కిటికీ లేని ఒంటిగది ఇంట్లో పడుకున్న మనిషికి రాత్రి కూడా శరీరం చల్లబడదు. రెండోరోజు, మూడోరోజు పనిలోకి దిగినప్పుడు గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వడదెబ్బ మరణాలు చాలావరకు 'గుండెపోటు'గా నమోదయ్యేది ఇందుకే.

ఎండలో ఎవరుంటారన్నది కూడా ఇప్పుడు ఊహ కాదు. ఐఐఎం బెంగళూరు పరిశోధకులు ఉన్న ఒక బృందం ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే వివరాలనూ, ఉపగ్రహాలు కొలిచిన ఉష్ణోగ్రతలనూ కలిపి చూసింది. పని గంటల్లో ఆరుబయట గడిపే భాగం దళితులకు, ఆదివాసులకు ఆధిపత్య కులాల కంటే స్పష్టంగా ఎక్కువని తేలింది. చదువు, వయసు, ఆదాయం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా కులం తేడా పోలేదు. పేదరికం ఒక్కటే కారణమైతే అది పోయి ఉండాలి.

వాన, సముద్రం

వానది ఇంకా సూటి లెక్క. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. పెద్ద జోలె లాంటిది. నిండటానికి ఎక్కువ కాలం పడుతుంది, చిరిగినప్పుడు ఎక్కువ పడుతుంది. వానకు వానకు మధ్య ఎండు రోజులు పెరగడం, పడినప్పుడు కుండపోత కావడం ఒకే కారణానికి రెండు ముఖాలు. 1950 నుంచి 2015 మధ్య మధ్యభారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాల ఘటనలు మూడింతలయ్యాయని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తెలంగాణలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వర్షం సుమారు 900 మిల్లీమీటర్లు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్లు పడింది. అదే వరదలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి తెల్లవారేసరికి నీట మునిగింది.

తుపానుల విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. వాటి మొత్తం సంఖ్య పెరుగుతోందని చెప్పడానికి ఆధారం లేదు. వచ్చిన వాటిలో బలమైన వాటి వాటా మాత్రం గత నాలుగు దశాబ్దాల్లో ప్రపంచవ్యాప్తంగా పెరిగిందని ఐపీసీసీ అంటోంది. తుపానుకు ఆహారం వెచ్చటి సముద్రపు నీరు. పై పొర 26.5 డిగ్రీలు దాటితే అది పుట్టి బలపడగలదు. వేసవిలో బంగాళాఖాతం 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అలాంటి నీటి మీద మామూలు వాయుగుండం ఒకటి రెండు రోజుల్లోనే తీవ్ర తుపానుగా మారిపోగలదు. 2020 మేలో ఆంఫన్ చేసింది అదే. దీనివల్ల తగ్గేది హెచ్చరికకు దొరికే సమయం. దానికితోడు 1901–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఉప్పెన ఇప్పుడు ఆ పెరిగిన మట్టం మీద ఎక్కి వస్తుంది.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కే పదివేలకు చేరువైంది. ఇవాళ తుపాను మరణాలు తగ్గాయంటే సముద్రం శాంతించి కాదు. హెచ్చరికలు, తరలింపు, తుపాను షెల్టర్లు వచ్చాయి. అంటే చావులను నిర్ణయించేది గాలి వేగం ఒక్కటే కాదని ప్రభుత్వాలే రుజువు చేశాయి. ఎండ విషయంలో అంత పట్టుదల ఎందుకు లేదన్నది మేము అడగదలచుకున్న ప్రశ్న.

వాతావరణం మీదికి నెట్టేయలేనివి

2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. అయితే సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటలను రోజుల తరబడి ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, ఏరు దారి ఏళ్లుగా ఆక్రమణలతో కుంచించుకుపోయింది. అసాధారణ వాన నిజం, గండ్లూ నిజం. మొదటిది చూపించి రెండోదాన్ని దాచే మాటలు ఇక ముందు మరిన్ని వింటాం. 'ప్రకృతి ప్రకోపం' అన్నమాట వినగానే కాలువ నిర్వహణ లెక్కలు అడగటం అలవాటు చేసుకోవాలి.

అంతకంటే పాత నిర్ణయం ఒకటుంది: ఎవరు ఎక్కడ ఉండాలన్నది. మాలపల్లి, మాదిగగూడెం ఊరికి బయట, చాలాచోట్ల పల్లంలో, వాగు ఒడ్డునో, చెరువు కట్ట కిందో, డెల్టాలో అయితే కాలువ గట్టు మీదో ఉంటాయి. ఊరి నీరంతా వాటి మీదుగానే పోతుంది. ఆ నేల ఎంపిక దళితులది కాదు. ఇళ్ల స్థలాల పట్టాలు ఇచ్చినప్పుడు కూడా మెరక భూమి దొరకదు, ముంపు భూమి దొరుకుతుంది. ఈ పాత భూగోళం మీద పెరిగిన 7 శాతం తేమ వచ్చి పడుతోంది.

నష్టపరిహారం కూడా భూమిని చూసే నడుస్తుంది. పంట నష్టం హెక్టార్ల లెక్కన, పాసుపుస్తకం పేరున. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగుభూమిలో ఎస్సీల చేతిలో ఉన్నది సుమారు 9 శాతమే, జనాభాలో వారు 16.6 శాతం. కౌలుకు చేసేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం సాగు హక్కు పత్రం ఇస్తానంది గానీ భూ యజమాని సంతకం కావాలంది. ఎవరు పెడతారు సంతకం? ఇక పంట మునిగితే పోయే కోత కూలి, నాట్ల కూలి సంగతి: జీవనోపాధి దెబ్బతిన్న కుటుంబాలకు తాత్కాలిక సాయం అనే పద్దు విపత్తు నిధి నిబంధనల్లో ఉంది. ఆ పద్దు పేరు ఎంతమంది కూలీలకు తెలుసో మీరే మీ మండలంలో అడిగి చూడండి.

చేతిలో ఉన్న చట్టాలు

విపత్తు నిర్వహణ చట్టం 2005లోని 61వ సెక్షన్ చిన్నది, స్పష్టమైనది. పరిహారం, సహాయం అందించడంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులను సహాయ శిబిరాల్లో, నీళ్ల దగ్గర వేరుచేసిన ఉదంతాలు అప్పట్లో విస్తృతంగా వెలుగుచూశాయి. ఈ సెక్షన్ వచ్చాక కూడా దాన్ని ఫిర్యాదుల్లో ఉటంకించడం అరుదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఉమ్మడి వనరులను, బావిని, కుళాయిని, బహిరంగ స్థలాలను వాడుకోనివ్వకుండా అడ్డుకోవడాన్ని నేరంగా పేర్కొంది. మండువేసవిలో నీళ్ల ట్యాంకర్ ఏ వీధిలో ఆగుతుంది, షెల్టర్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఈ రెండు చట్టాల కిందా అడగదగిన ప్రశ్నలు. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ 14, 21 అధికరణల కింద హక్కు అని సుప్రీంకోర్టు 2024లో ఎం.కె. రంజిత్‌సింగ్ కేసులో చెప్పింది. 14 అంటే సమానత్వం. ఆ అంకెను మనం వదలకూడదు.

వడదెబ్బ విషయంలో తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ఒక అడుగు వేసింది. దాన్ని రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, 50 వేలుగా ఉన్న పరిహారాన్ని 4 లక్షలకు పెంచింది. అప్పటికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో చలిగాలి ఉంది, వడగాలి లేదు. అయితే పరిహారం రావాలంటే మరణం వడదెబ్బ వల్లనే అని ధ్రువీకరణ కావాలి. తెలుగు రాష్ట్రాల్లో తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసిన మండల స్థాయి కమిటీ ఆ పని చేస్తూ వచ్చింది. పొలంలో పడిపోయిన మనిషిని ఇంటికి తెచ్చి, పోస్టుమార్టం లేకుండా అంత్యక్రియలు చేసేస్తే ఆ ఫైలు అక్కడితో మూసుకుపోతుంది.

అందుకే మే నెలలో దళితవాడల్లో పనిచేసే మిత్రులు కొన్ని వివరాలు ఆ రోజే రాసిపెట్టుకోవాలి: పనిచేసిన చోటు, పనిలోకి దిగిన సమయం, పడిపోయిన సమయం, చూసినవారి పేర్లు, ఆ రోజు దగ్గరి వాతావరణ కేంద్రంలో నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత, తేమ శాతం, వీలైతే ఒంటి ఉష్ణోగ్రత రాసిన ఆసుపత్రి చీటీ. పోస్టుమార్టం కోసం పోలీసులకు రాతపూర్వకంగా కోరాలి, రసీదు తీసుకోవాలి. వేసవి అయిపోయాక సమాచార హక్కు కింద మండల కమిటీ ముందుకు ఎన్ని మరణాలు వచ్చాయి, ఎన్నిటిని తిరస్కరించారు, ఏ కారణంతో, చనిపోయినవారి సామాజిక వర్గం ఏమిటి అని అడగాలి. చివరి గడి నమోదు చేయలేదని జవాబు వస్తే, ఆ జవాబును కూడా భద్రపరచాలి.