అగ్ని, ఇగ్నిస్, ఉగ్నిస్

సంస్కృత ‘అగ్ని’కి లాటిన్ ‘ఇగ్నిస్’, లిథువేనియన్ ‘ఉగ్నిస్’ తోబుట్టువులు. మూడింటి అర్థమూ నిప్పే. ఇవి ఒకదాని నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నవి కావు. ఆది ఇండో-యూరోపియన్ భాషలోని ఒకే మాట నుంచి విడివిడిగా దిగివచ్చాయి. ఆ మాట మొదట అచ్చులా పలికే నకారం ఉండేది. అది సంస్కృతంలో ‘అ’ అయింది, లాటిన్‌లో ‘ఎన్’ అయి, ‘గ్న’ ముందు ‘ఇ’గా మారింది. లిథువేనియన్ ‘ఉ’ ఎలా వచ్చిందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఆదిభాషలో నిప్పుకు నపుంసకలింగంలో మరో మాట కూడా ఉండేది. గ్రీకు ‘పూర్’, ఇంగ్లీషు ‘ఫైర్’ దాని సంతతి.

వ్యాకరణంలోనే ఈ బంధుత్వం స్పష్టంగా కనిపిస్తుంది. మూడూ ఇకారాంత శబ్దాలే. ప్రథమా విభక్తిలోని సకారాన్ని లాటిన్, లిథువేనియన్ నిలుపుకున్నాయి. సంస్కృతంలో అది విసర్గ అయింది. ద్వితీయలో సంస్కృతం ‘అగ్నిమ్’, లాటిన్ ‘ఇగ్నెమ్’. లిథువేనియన్‌లో చివరి అనునాసికం కరిగిపోయి ‘ఉగ్నీ’ మిగిలింది, రాతలో మాత్రం ఆ అచ్చు కింద చిన్న తోక ఇంకా ఉంది. తొలి అచ్చు పుస్తకం 1547లో గానీ రాని భాష ఇంత ప్రాచీనతను దాచుకోవడం నిజంగా అబ్బురం. లింగంలో మాత్రం దారులు వేరు: సంస్కృతంలో, లాటిన్‌లో పుంలింగం, లిథువేనియన్‌లో స్త్రీలింగం. అక్కడి అగ్నిదేవత గబియా కూడా స్త్రీయే. మన ‘అగ్నిపర్వతం’ లాగే వారి ‘ఉగ్నికల్నిస్’లోనూ నిప్పు, కొండ కలిశాయి.

తెలుగు ఈ కుటుంబానికి చెందదు. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో చూపించాడు. నిప్పు, చిచ్చు దేశ్యాలు. ‘అగ్ని’ విసర్గ వదిలి వచ్చిన తత్సమం. ‘అగ్గి’ ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవం. తెలుగులో అగ్ని ‘అది’ అవుతుంది, అగ్నిదేవుడైతే ‘ఆయన’.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగువారి పెళ్ళి అగ్నిసాక్షిగా జరుగుతుంది, కారు ఇగ్నిషన్‌తో కదులుతుంది. ఆ రెండో మాట ఇంగ్లీషులోకి లాటిన్ నుంచి వచ్చింది. మూడో శాఖ కూడా దూరంలో లేదు: సమీపంలోని ఎలిజబెత్‌లో లిథువేనియా వలసదారులు కట్టుకున్న సెయింట్స్ పీటర్ అండ్ పాల్ చర్చి ఉంది.