పైలం

పైలం అనేది జాగ్రత్త, భద్రం అనే అర్థాలలో తెలంగాణ వ్యవహారంలో ఉన్న తెలుగు పదం. 'గా' చేరినప్పుడు 'పైలంగా' అనే క్రియావిశేషణమవుతుంది. నోటిమాటలో చివరి దీర్ఘం పోయి 'పైలంగ' అని వినిపిస్తుంది. ధరూర్ మొదలైన గద్వాల ప్రాంతపు గ్రామాలలో ఊరికి బయలుదేరేవారిని "పైలంగ పోయిరా" అని సాగనంపుతారు.

వ్యుత్పత్తి

ఈ మాట 'పదిలం'కు రూపాంతరం కావచ్చును. 'ది' యకారంగా మారి పయిలం, ఆపైన పైలం అయినట్లు తోస్తుంది. శిష్టవ్యవహారంలో పదిలం ఎక్కువగా వస్తువులకు, జ్ఞాపకాలకు పరిమితమైపోయింది. ప్రయాణమయ్యే మనిషితో "పదిలంగా వెళ్ళిరా" అనడం అరుదు. పైలం మాత్రం రెండు పనులూ చేస్తుంది. "పైసలు పైలంగ పెట్టు" అన్నప్పుడు దాచుకోవడం, "పిల్లలు పైలం" అన్నప్పుడు కాపాడుకోవడం. కనుక దీనిని 'జాగ్రత్త'కు మోటు రూపంగా భావించడం సరికాదు.

సమానార్థకాలు

'జాగ్రత్త' సంస్కృతపదం. మేలుకొని ఉండడం దాని మూలార్థం. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అనే అవస్థలలో మొదటిది ఇదే. గద్వాలకు పొరుగున ఉన్న కన్నడంలో 'ఎచ్చర' అన్నా మెలకువే. తెలుగు 'హెచ్చరిక' దీనికి చుట్టం. పారసీకం నుండి వచ్చిన 'హుషారు'కు మూలంలో తెలివి, అప్రమత్తత అని అర్థం కాగా, తెలుగులో అది ఉత్సాహమైంది.

ఆంగ్లంలో ఆచితూచి అనే అర్థమిచ్చే క్రియావిశేషణం 'జింజర్లీ'. 16వ శతాబ్దిలో అది నాజూకుగా, చిన్న చిన్న అడుగులతో నడవడాన్ని, నర్తించడాన్ని తెలిపేది. అడుగు ఆచి వేసేవారు జాగ్రత్తపరులే గనుక క్రమంగా నేటి అర్థం స్థిరపడింది. సుకుమారమని అర్థమిచ్చే పాత ఫ్రెంచి మాట దీనికి మూలమని నిఘంటుకారుల అభిప్రాయం. అల్లాన్ని తెలిపే 'జింజర్'తో దీనికి సంబంధం లేదు. ఆ జింజర్ మాత్రం మనవైపు నుండే వెళ్ళింది: ద్రావిడ భాషల 'ఇంజి', 'వేరు' కలిసి సంస్కృతంలో శృంగవేరమై, గ్రీకు, లాటిన్‌ల మీదుగా ఆంగ్లానికి చేరింది.

గ్రంథస్థ భాషలో

పాఠ్యపుస్తకాలు చాలాకాలం 'జాగ్రత్త'నే వాడాయి. ఇంట్లో పైలం విని, బడిలో జాగ్రత్త రాసిన పిల్లలకు తమ మాట తప్పేమోనన్న సంకోచం కలగడం సహజం. నలిమెల భాస్కర్ కూర్చిన తెలంగాణ పదకోశం వంటి కృషి ఇటువంటి పదాలకు గౌరవం తెచ్చింది. 2024లో 'పైలం పిలగా' అనే చలనచిత్రం విడుదలైంది.