మాటాడరాని విద్యార్థి



అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయము 1701లో స్థాపింపబడినది. దాని పేరునకు కారకుడైన ఎలీహు యేల్, 1687 మొదలు 1692 వరకు మన చెన్నపట్టణపు కోటకు గవర్నరుగా నుండెను. ఆ కాలమున కుంపిణీవారు ఆ రేవునుండి మనుష్యులను బానిసలుగా ఓడలకెక్కించిరి. 1718లో అతడు పంపిన తొమ్మిది బేళ్ల సరుకు అమ్మగా 562 పౌనులు వచ్చెను. 1750 ప్రాంతమున ఆ కళాశాల కట్టిన కనెక్టికట్ హాలునకు బానిసలును కూలిపని చేసిరి.

ఆ విద్యాలయమునకే 1834లో జేమ్స్ పెన్నింగ్టన్ అను నల్లజాతి యౌవనుడు వచ్చెను. అతడు మేరీలాండులో బానిసగా పుట్టి, కమ్మరిపని నేర్చి, 1827లో తప్పించుకొని వచ్చినవాడు. దేవుని వాక్యము నేర్చుకొని కాపరి కావలెనని అతని కోరిక. అధికారులు అతనిని పాఠములు విననిచ్చిరి గాని తరగతిలో నోరు తెరువనియ్యలేదు. గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొననియ్యలేదు. విద్యార్థుల పట్టీలో అతని పేరు వ్రాయలేదు. అయినను అతడు ఓర్పుతో చదివి సంఘకాపరి యయ్యెను. 1849లో జర్మనీ దేశపు హైడెల్బర్గ్ విశ్వవిద్యాలయము అతనిని డాక్టరు బిరుదముతో సన్మానించెను. 1870లో అతడు ప్రభువునందు నిద్రించెను.

యేల్ వారు 2020లో తమ పాత లెక్కలను వెదకుటకు పూనుకొనిరి. 2023లో పెన్నింగ్టనుకును, అతనివలెనే అవమానము పొందిన అలెగ్జాండర్ క్రమ్మెల్ అను కాపరికిని పట్టములిచ్చిరి. 2024 ఫిబ్రవరిలో తమ చరిత్రను గ్రంథముగా ప్రకటించి, బహిరంగముగా క్షమాపణ వేడిరి.

మరణించిన 153 సంవత్సరములకు పట్టమిచ్చిన నేమి లాభమని కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. జక్కయ్య తాను అన్యాయము చేసినవారు బ్రదికియుండగనే నాలుగంతలు మరల చెల్లింతుననెను. ఆలస్యమైన ఒప్పుకోలు చచ్చినవారి నోరు తెరువజాలదు. అయినను దాచిన పాపము బ్రదికియున్నవారినే చెరుపును. ఒప్పుకొనినప్పుడు వారికి దిద్దుకొను త్రోవ దొరకును.

సహోదరులారా, ఆ పండితులు పెన్నింగ్టనుకు కూర్చుండ చోటిచ్చిరి, మాటాడ చోటియ్యలేదు. మన సంఘములలో అట్లు కూర్చుండువారెవరు? ఒకే బల్లయొద్ద రొట్టె విరిచి, గుడి వెలుపలికి రాగానే కులమడుగువారము కామా? పెద్దల కూటములో ఎవరి మాట ఎన్నడును వినబడదు? వారు బ్రదికియుండగనే, ఈ ఆదివారముననే, వారి మాట విందము. ప్రభువు మనకు సహాయము చేయునుగాక.