పసుపు దీపం వెనుక చరిత్ర

కొన్నేళ్ళ క్రితం అమ్మ కోడెమొక్కు చెల్లించడానికి కరీంనగర్ నుంచి కారులో వేములవాడ బయలుదేరాము. మా వైపు జనం నోట అది ఎములాడ. ఊరు ఇంకా కొన్ని మైళ్ళుందనగా, ఎదుట అద్దం వెనుక ఇంజను బొమ్మ గల పసుపు దీపం మిణుకుమిణుకుమనసాగింది. బండి వణుకుతోంది. ఆ దీపం నాకు కొత్త కాదు. ముందు వారమే వెలిగితే ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు చిన్న యంత్రం తగిలించి, మీట నొక్కి, దీపం ఆర్పి పంపించాడు. దీపం ఆరింది కనుక జబ్బు తగ్గిందనుకున్నాను. ఇప్పుడేమో మొక్కు వేళ దాటుతుందన్న తొందరలో బండి ఆపలేదు.

దర్శనం ముగించుకుని వచ్చాక అక్కడి పెద్దవయసు మెకానిక్కు ఒకాయన యంత్రం పెట్టి చూశాడు. పి0302 అని వచ్చింది. రెండో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని దాని అర్థం. జరిగింది చెప్పాను. "ఏం కోడొచ్చిందో రాసుకోకుండనే చెరిపిండ్రా సార్? చెరిపితె రోగం పోతదా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఈ దీపం చరిత్ర వైపు నడిపించింది.

ఇది ఇంజను క్షేమం కోసమే పుట్టిన దీపమని నేను భ్రమపడ్డాను. దాని అసలు జన్మకారణం గాలి. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మిన పొగమంచు ఎండ తగిలిన వాహనపు పొగలోంచే పుడుతోందని 1950ల ఆరంభంలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. అంతకుముందు ఆయన పరిశోధన అనాసపండు వాసన మీద! 1967లో కాలిఫోర్నియాలో వాయువనరుల మండలి ఏర్పడింది. 1975 మోడళ్ళ నుంచి అమెరికా కార్లకు పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు వచ్చింది. అయితే అది బండి అడుగున పాడైపోయినా నడిపేవాడికి తెలియదు. తెలియజెప్పే సాక్షి ఒకటి కావలసివచ్చింది.

1981లో జనరల్ మోటార్స్ తన కార్లలో కంప్యూటరుతోపాటు 'చెక్ ఇంజన్' దీపాన్ని పెట్టింది. ఆనాటి మెకానిక్కులు రెండు తీగలు కలిపి, దీపం ఎన్నిసార్లు మిణుకుమన్నదో లెక్కపెట్టి సంకేతం చదివేవారు. 1988 మోడళ్ళ నుంచి కాలిఫోర్నియా దీన్ని తప్పనిసరి చేసింది. 1996లో అమెరికా అంతటా అన్ని కంపెనీలకూ ఒకే రకం సాకెట్టు, ఒకే సంకేతభాష అమలయ్యాయి. కాలుష్యం పరిమితికి ఒకటిన్నర రెట్లు దాటే లోపమైతే దీపం వెలగాలన్నది అక్కడి నియమం. మన దేశంలో ఈ స్వయంపరీక్ష మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో నిబంధనల్లోకి వచ్చింది.

లోపం కనిపించిన క్షణాన కంప్యూటరు సంకేతాన్నొక్కటే రాసుకోదు. అప్పటి వేగం, ఇంజను వేడి, భారం కూడా భద్రపరుస్తుంది. ఒక్క మీటతో అన్నీ చెరిగిపోతాయి. వేములవాడ చాళుక్యుల సీమలోనే, కుర్క్యాల బొమ్మలమ్మ గుట్ట మీద, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం ఉంది. అందులో తెలుగు కందపద్యాలున్నాయి. ఎవరూ చదవకముందే దాన్ని ఉలితో గీకేసి ఉంటే మనకేం మిగిలేది? షెడ్డులో నా ఎదుట జరిగింది అదే.

దీపం వెలగకపోవడమూ ఆరోగ్యానికి రుజువు కాదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ మోసం బయటపడింది. పరీక్షను గుర్తుపట్టి, ఆ కాసేపు మాత్రం పొగ తగ్గించే ప్రోగ్రామును ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల డీజిలు కార్లలో పెట్టారు. పొగ పరిమితి దాటుతున్నా ఆ కార్ల దీపాలు మౌనంగానే ఉన్నాయి. సాక్షికే అబద్ధం నేర్పారన్నమాట.

ఇక నా కథ. ఆ పెద్దాయన ఇగ్నిషన్ కాయిలు మార్చాడు, వణుకు పోయింది. కానీ దీపం మిణుకుమంటే వెంటనే ఆగాలి. మండని పెట్రోలు కన్వర్టరులో చేరి మండుతుంది, లోపలి పింగాణీ జల్లెడ ఆ వేడికి కరిగిపోతుంది. నెల తిరక్కుండానే పి0420 వచ్చింది, కన్వర్టరు పనికిరాదని. కొత్తదానికి వేలల్లో వదిలింది.

డబ్బు కంటే మరో సంగతి బాధిస్తుంది. ఆరోజు గుడి వీధిలో నా బండి వెనకాలే కోడెలను పట్టుకుని పిల్లలూ ముసలివాళ్ళూ నడిచారు. నేను అద్దాలు బిగించుకుని కూర్చున్నాను. ఆ దీపం పుట్టింది వాళ్ళ తరఫున మాట్లాడడానికి. వినవలసినవాణ్ణి నేనే.

మిత్రులకు నా మనవి ఒక్కటే. ఆ దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించండి, మిణుకుమంటే బండి పక్కకు తీసి ఆపండి. ఎవరైనా దాన్ని ఆర్పబోతే, ముందు ఆ సంకేతాన్ని ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి.